ఇల్లు చూపించడమంటే నూతి నీళ్లు తాగించడం

ఇల్లు మంచి ధరకు పోవాలంటే, ముందు ఆ ఇంట్లో మనుషులు కాపురం చేస్తున్నారన్న ఆనవాలు చెరిపెయ్యాలట. దేవుడి గూటి దగ్గర పసుపు కుంకుమల మరకలు తుడిచెయ్యాలి. గోడ మీద తాతగారి ఫొటో దించెయ్యాలి. వంటింటి గట్టు మీద పోపులపెట్టె, ఆవకాయ జాడీ కనిపించకూడదు. దండెం మీద బట్టలు అసలే ఉండకూడదు. ఇవన్నీ అయ్యాక సోఫా ఒకటి అద్దెకు తెచ్చి వేసి, గాజు కూజాలో ప్లాస్టిక్ పూలు పెట్టి, పట్టపగలు లైట్లన్నీ వెలిగిస్తారు. అప్పుడు ఓ కుర్రాడు వచ్చి వెడల్పు లెన్సుతో ఫొటోలు తీస్తాడు. పది బై పదకొండు గది ఆ ఫొటోలో పదిహేను బై ఇరవై అనిపిస్తుంది. బెజవాడలో ఇప్పుడు ఇల్లు చూపించడమంటే ఇదీ.

నేను దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో బల్ల వేసుకుని, స్టాంపు కాగితాల మీద సిరాకలంతో రాసిన కాలం నుంచి, కంప్యూటరులో అచ్చు తీసి యంత్రం మీద వేలిముద్ర పెట్టించే కాలం దాకా చూశాను. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కార్డ్ పేరుతో కంప్యూటర్లు వచ్చాయి. వాటి మీద నాకేం కోపం లేదు. రోజుల తరబడి తిరిగితే గానీ దొరకని ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) అప్పటికప్పుడు చేతికొచ్చింది, అది మంచి పనే. నా బాధంతా దస్తావేజు దాకా రాకముందు జరిగే తంతు గురించి. అమ్మేవాడు కొనేవాడికి ఇల్లు చూపించే తీరు గురించి.

మా రోజుల్లో ఇల్లు అమ్మకానికి ఉందన్న సంగతి బోర్డు కట్టి చెప్పేవాళ్లు కారు. బోర్డు కట్టడం పరువుతక్కువ. పాలు పోసే ఆవిడకు తెలిసేది, ఇంటి పురోహితుడికి తెలిసేది, వీధి చివర బడ్డీకొట్టుకు తెలిసేది. అక్కణ్ణుంచి మధ్యవర్తి చెవిన పడేది. ఆ మధ్యవర్తి ఎక్కణ్ణుంచో ఊడిపడినవాడు కాదు. ఆ పేటలోనే పుట్టి, ఆ పేటలోనే పిల్లలకు పెళ్లిళ్లు చేసినవాడు. ఇవాళ కుదిర్చిన బేరంలో రేపు మోసం బయటపడితే, సాయంత్రం రామాలయం అరుగు మీద అతను కూర్చోవాల్సింది మళ్లీ ఆ ఇద్దరి మధ్యే. కమీషన్ కన్నా ఆ భయమే అతన్ని ఎక్కువ నడిపించేది.

సత్యనారాయణపురంలోనో గవర్నర్‌పేటలోనో ఓ పెంకుటింటి బేరం అంటే, కొనేవాళ్లు ఒక్కసారి వచ్చి చూసి పోయేవాళ్లు కాదు. మొదట మగవాళ్లు వచ్చి స్థలం అడుగులేసి కొలుచుకునేవాళ్లు. తరవాత ఇంటావిడా, అత్తగారూ వచ్చేవాళ్లు. అసలు పరీక్ష వాళ్లది. కోడలు తిన్నగా వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఏ వైపుంది, పొగ ఎటు పోతోంది, గాలి ఏ కిటికీలోంచి వస్తోంది చూసుకునేది. అత్తగారు పెరట్లోకి నడిచి నూతిలోంచి చేద తోడించేది. "వదినగారూ, ఎండాకాలం నీళ్లెలా ఉంటాయండీ?" అని అడిగేది. "రోహిణీకార్తెలో అడుగంటుతుందండీ, తెల్లారగట్లే తోడి పెట్టుకోవాలి" అని ఆ ఇంటావిడ ఉన్నమాట చెప్పేది. ఆ నీళ్లు అక్కడే దోసిట పట్టి తాగి చూసేవాళ్లు. కొందరైతే చెంబుడు నీళ్లు ఇంటికి పట్టుకెళ్లి కందిపప్పు ఉడకేసేవాళ్లు. ఉప్పునీళ్లలో పప్పు ఓ పట్టాన మెత్తబడదు. పప్పు ఉడకని నుయ్యి ఉంటే, ఇల్లు ఎంత ముచ్చటగా ఉన్నా బేరం సాగేది కాదు. సాగినా ధర తెగ్గోసేవాళ్లు.

మూడోసారి మేస్త్రి వచ్చేవాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో నల్లరేగడి నేల ఎక్కువ. వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. పునాది లోతుగా తీసి ఇసుక నింపకుండా కట్టిన ఇల్లు ఆ మట్టితో పాటు లేచి దిగుతుంది. అందుకని మేస్త్రి ముందు చూసేది గోడల రంగు కాదు, కిటికీ మూలలు. మూల నుంచి ఏటవాలుగా పగులు పారిందంటే నేల కదులుతోందని అర్థం. పూతలో వెంట్రుకవాసి బీటలుంటే పట్టించుకోడు. ద్వారబంధాన్ని వేలి కణుపులతో కొడతాడు, డొల్ల మోత వస్తే లోపల చెద తినేసింది. మిద్దె ఇల్లయితే పైకెక్కుతాడు. అప్పట్లో మద్రాసు టెర్రస్ ఇళ్లు చాలా ఉండేవి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, గానుగ సున్నంతో పట్టించి, పైన కంకర దిమ్మిస కొట్టినవి. అలాంటి కప్పు ఓ చోట కురవడం మొదలుపెడితే దూలం చివర గోడలో దిగిన చోట కుళ్లుతుంది. అక్కడ ఇనుప చువ్వ గుచ్చి చూసేవాడు. ఇదంతా అమ్మేవాడి కళ్ల ముందే, అతను పక్కన నిలబడి చూస్తుండగానే జరిగేది. ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు.

నొచ్చుకోవడం అటుంచి, తనే ముందు చెప్పేవాడు. "ఇదిగో, ఈ మూల వానాకాలం కురుస్తుంది. రెండేళ్ల కిందట పెంకు మార్పించాం, అయినా జల్లు కొడితే దిగుతుంది." "ఈ అటక దూలం ఒకటి మార్చుకోవాలి." "పడమటి గది వేసవిలో వేడెక్కుతుంది, మేం పెరట్లోనే పడుకుంటాం." ఇలా చెప్పిన మాటలు నేను చాలాసార్లు నా చెవులతో విన్నాను. అగ్రిమెంటు రాయడానికి నన్ను ఆ ఇంటికే పిలిచేవాళ్లు కనుక. అప్పటివాళ్లంతా ధర్మరాజులని నేననడం లేదు. దాచినా దాగదు కనుక చెప్పేవాళ్లు. కొనేవాళ్లు పక్కింటికి వెళ్లి మజ్జిగ తాగుతూ పావుగంట కూర్చుంటే ఆ ఇంటి చరిత్రంతా బయటికొచ్చేది. వీధి మొత్తం సాక్ష్యం చెప్పేదప్పుడు. అమ్మేవాడికి ఆ సంగతి తెలుసు.

ఇల్లు అమ్మేముందు కొత్తగా సున్నం కొట్టించడం కూడా ఉండేది కాదు. సంక్రాంతికో దసరాకో ఎలాగూ వెల్ల వేస్తారు, నీలిమందు రెండు చుక్కలు కలిపి. ఆ వెల్లే ఏడాదంతా ఉంటుంది. పండగా పబ్బం లేకుండా గోడ తెల్లగా మెరుస్తుంటే, 'ఏం కప్పారు?' అని మేస్త్రి గోరుతో గీకి చూసేవాడు. అమ్మేవాళ్లు సిద్ధం చేసుకునేవి వేరే ఉండేవి. మూల దస్తావేజు, దాని వెనకటి లింకు కాగితాలు, ఇంటిపన్ను రసీదులు, తాకట్టు ఏదైనా ఉంటే తీర్చి తెచ్చిన చెల్లు కాగితం, అన్నదమ్ముల భాగపంపకాల పట్టిక. వీటిని గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలోంచి తీసి, దులిపి, వరసగా పేర్చి ఇచ్చేవాళ్లు. ఇల్లు సిద్ధం చెయ్యడమంటే నాకు తెలిసింది అదే.

ఇక దస్తావేజు రాసేటప్పుడు నాలుగు హద్దులూ ఇద్దరి చేతా చెప్పించి రాసేవాణ్ణి. తూర్పు ఫలానావారి ఇల్లు, దక్షిణం మునిసిపల్ రోడ్డు, ఇలా. ఉత్తరపు గోడ ఉమ్మడి గోడ అయితే ఉమ్మడి అని రాసేవాణ్ణి. చూరునీళ్లు పక్కవాళ్ల దొడ్లో పడేట్టుంటే ఆ హక్కు ఉందో లేదో రాసేవాణ్ణి. వెనకింటి వాళ్లకు సందులోంచి నడకదారి ఉంటే ఎన్ని గజాల వెడల్పో రాసేవాణ్ణి. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణం, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో సహా అని చివర్న రాయడం ఆనవాయితీ. కానీ ఆ ఎనిమిది భోగాల కన్నా ఉమ్మడి గోడ గురించి రాసిన ఒక్క పంక్తి వందమందిని కోర్టు మెట్లెక్కకుండా కాపాడిందని నా నమ్మకం.

ఇప్పుడెలా ఉందో చెబుతాను.

బ్రోకరు మొదట చెప్పే మాట, "సార్, పార్టీ వచ్చే టైముకి మీరు ఇంట్లో ఉండకండి." ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు బతికి, ఏ కుళాయి కారుతుందో, ఏ గది చెమ్మగిలుతుందో తెలిసిన ఒకే ఒక్క మనిషిని బయటికి పంపేస్తున్నారు. ఆయనుంటే నోరు జారతాడని భయం. తాళంచెవి బ్రోకరు దగ్గరుంటుంది. ఇరవై నిమిషాల్లో చూపించేసి, మరో పార్టీ కింద వెయిట్ చేస్తోందని తొందరపెడతాడు. పక్క ఫ్లాటు తలుపు తట్టనివ్వడు. వాచ్‌మన్‌తో మాట్లాడనివ్వడు. కొనేవాళ్లు కూడా అలాగే తయారయ్యారు. జీవితమంతా కూడబెట్టిన డబ్బూ, దాని మీద ఇరవయ్యేళ్ల బ్యాంకు అప్పూ పెట్టి కొనే ఇంట్లో, ఓ చీర కొనడానికి తీసుకునేంత టైము కూడా గడపడం లేదు.

టైము ఎంచుకోవడంలో కూడా నేర్పు ఉంది. పడమటి ముఖం పడకగది ఉంటే పొద్దున తొమ్మిదింటికి రమ్మంటారు. అప్పుడు ఆ గదిలో హాయిగా ఉంటుంది. బెజవాడలో మే నెల మధ్యాహ్నం మూడింటికి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూడాలి. తూర్పు కిటికీ తెరిస్తే పక్క అపార్టుమెంటు గోడ చేతికందుతుంది, అందుకని ఆ కిటికీకి నిండా పరదా వేస్తారు. వెలుతురు రాదు కనుక పగలే లైట్లు. చెమ్మ వాసన ఉంటే గంట ముందు సెంటు కొడతారు, అగరొత్తులు వెలిగిస్తారు. బోరు ఎండిపోతే ముందురోజు రాత్రి ట్యాంకరు తెప్పించి పైన ట్యాంకు నింపుతారు, కుళాయి తిప్పితే నీళ్లు ధారగా పడతాయి. కురిసే స్లాబు ఉన్న ఇంటిని ఫిబ్రవరిలో చూపిస్తారు, ఆరిపోయి ఉంటుంది కనుక.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది పుట్టీ. ఇది మంచి వస్తువే. గోడను నున్నగా చేస్తుంది, రంగు తక్కువ తాగనిస్తుంది. కానీ ఇల్లు అమ్మకానికి పెట్టాక మొదట చేసేది రెండు పూతల పుట్టీ, పైన తెల్లరంగు. ఉప్పు పేలిన గోడ, నేల కదిలి పారిన ఏటవాలు పగులు, స్లాబు కింద ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడిన చోటు, అన్నీ ఆ పూత కిందికి పోతాయి. తుప్పు మాత్రం లోపల ఆగదు. తుప్పు పట్టేకొద్దీ ఇనుము ఉబ్బి కాంక్రీటును బయటికి తోస్తుంది. ఏడాదిన్నర గడిచేసరికి పెచ్చులు మళ్లీ రాలతాయి, కొన్నవాళ్ల ఇంట్లో, వాళ్ల పిల్లలు పడుకునే మంచం మీద. ఫాల్స్ సీలింగ్ అయితే ఇంకా దారుణం. కురిసే స్లాబు కింద జిప్సం పలకలు బిగించి నాలుగు లైట్లు పెడితే ఎవరికీ ఏమీ కనిపించదు. ఫాల్స్ సీలింగ్ ఉన్న పాత ఫ్లాటు కొనేవాళ్లకు నేను చెప్పేదొకటే. ఒక లైటు ఊడదీయించండి. ఆ రంధ్రంలోంచి సెల్‌ఫోన్ టార్చి వేసి పైన స్లాబు చూడండి. తీయనివ్వకపోతే ఆ ఇల్లు వదిలెయ్యండి.

కొలతల సంగతి సరేసరి. పన్నెండు వందల అడుగుల ఫ్లాటు అంటారు. అందులో మెట్లూ, లిఫ్టూ, కారిడారూ వాటాలు పోను, లోపల మనిషి నడిచే జాగా తొమ్మిది వందలు కూడా ఉండకపోవచ్చు. 2016లో వచ్చిన రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో తేల్చి చెప్పింది. ఇంటి లోపలి అడ్డగోడలు లెక్కలోకొస్తాయి, బయటి గోడలూ బాల్కనీలూ రావు. బిల్డరు కొత్తగా అమ్మేవాటికి ఈ లెక్క చెప్పాలి. కానీ ఇప్పటికీ పాత ఫ్లాటు బేరాల్లో టేపు తీసి గదులు కొలిచే పార్టీ నూటికొకడు కనిపించడు. స్థలంలో అవిభక్త వాటా ఎన్ని గజాలని అడిగేవాళ్లు అసలే తక్కువ. రేపు ఆ భవనం పాతబడి కూలగొట్టాల్సొస్తే మిగిలేది ఆ గజాలే.

2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడలో బుడమేరు వాగు పొంగింది. గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపంతా మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన రోజులవి. నీళ్లు గంటల్లో దిగలేదు, రోజుల తరబడి నిలిచాయి. మేడల మీద జనం పాల ప్యాకెట్ల కోసం పడవల కేసి చూశారు. ఆ తరవాత కొన్ని నెలలకు నాకు తెలిసిన ఓ దంపతులు అటువైపు ఒక కింది వాటా ఇల్లు చూసుకుని, కాగితాలు చూసిపెట్టమని నన్ను తీసుకెళ్లారు. ఇల్లు ధగధగలాడుతోంది. గోడలన్నీ కొత్త రంగు. "ఇక్కడ నీళ్లు రాలేదండీ, ఈ లైను మెరక" అన్నాడు బ్రోకరు. నేను వంగి తలుపుల కింది చెక్క చూశాను. ప్లైవుడ్ పొరలు విచ్చుకుని ఉబ్బి ఉన్నాయి. కరెంటు ప్లగ్గులన్నీ నడుం ఎత్తుకు మార్చి ఉన్నాయి, పాత రంధ్రాలు పూడ్చిన గుండ్రటి మచ్చలు కొత్త రంగు కింద కూడా తెలుస్తున్నాయి. ఎదురింటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడను, "అమ్మా, వరద ఇక్కడిదాకా వచ్చిందా?" అని అడిగాను. ఆవిడ లేచి వచ్చి, ఆ ఇంటి కిటికీ ఊచల మీద చెయ్యి పెట్టి, "ఇక్కడి దాకా, బాబూ" అని చూపించింది.

ఆ ఇల్లు అమ్ముకునేవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్ల బట్టలు, బియ్యం, పిల్లల సర్టిఫికెట్లు నీళ్లపాలయ్యాయి. వాళ్లకూ డబ్బు కావాలి. కానీ వరద ఎంత ఎత్తు వచ్చిందో చెప్పి, ప్లగ్గులు పైకి మార్పించామని, కింద తలుపులు మార్చుకోవాలని చెప్పి అమ్మితే కొనేవాళ్లుండరా? ఉంటారు. ధర కొంత తగ్గుతుంది. ఆ తగ్గే ధర కొన్నవాడి జేబులోంచి రేపు పోయే డబ్బే. అది అమ్మేవాడు తనకు రావాలనుకోవడమే తప్పు అంటున్నాను.

ఈ సింగారింపులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే అమెరికా నుంచి వచ్చాయంటారు. నిజమే. మా మేనల్లుడు డాలస్ దగ్గర ఇల్లు అమ్మినప్పుడు వీడియోలో చూశాను. సామానంతా గ్యారేజీలోకి సర్దారు, అద్దె సోఫాలు తెచ్చారు, దేవుడి మందిరం అలమరలో పెట్టి తలుపు వేశారు. నాకు నచ్చలేదు, ఆ మాటే చెప్పాను. కానీ వాడు దాంతో పాటు ఇంకోటి కూడా చూపించాడు. టెక్సస్‌లో ఒక కుటుంబం ఉండే ఇల్లు అమ్మేవాడు, తనకు తెలిసిన లోపాలన్నీ రాసిన పత్రం కొనేవాడికి ఇవ్వాలని చట్టం. కప్పు బాగుచేయించారా? పునాదిలో లోపం తెలుసా? చెదలు పట్టాయా, మందు కొట్టించారా? ఇంట్లోకి ఎప్పుడైనా వరద వచ్చిందా? 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచాక, 2019లో వరద ప్రశ్నలు ఇంకా పెంచారట. వాడు ఆ పేజీలన్నీ కూర్చుని నింపి సంతకం పెట్టాడు. పైగా కొనేవాడు డబ్బిచ్చి తన తరఫు ఇన్‌స్పెక్టరును పంపాడు. ఆయన అటకెక్కి, కుళాయిలు తిప్పి, కరెంటు పెట్టె విప్పి, ఫొటోలతో ఒక పుస్తకమంత రిపోర్టు ఇచ్చాడు. మా మేస్త్రి చేసిన పనే అది, కాకపోతే కాగితం మీద పెట్టారు. మనవాళ్లు అక్కణ్ణుంచి పూలకూజా తెచ్చుకున్నారు, సోఫా తెచ్చుకున్నారు, ఆ పత్రాన్ని మాత్రం తెచ్చుకోలేదు.

అలాంటి చట్టం మనకు లేదా అంటే, ఆ మూలసూత్రం ఎప్పట్నుంచో ఉంది. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షను చదవండి. ఆస్తిలో గానీ, హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే పట్టుకోలేనిదైతే, అమ్మేవాడు చెప్పి తీరాలని ఉంది. చెప్పకపోతే మోసం కిందే లెక్క అని కూడా అదే సెక్షనులో ఉంది. కురిసే స్లాబుకు ఫాల్స్ సీలింగ్ కొట్టి అమ్మేవాడు ఈ సెక్షను ఒక్కసారి చదువుకోవాలి. రెరా చట్టం 12వ సెక్షను అయితే ప్రకటనల్లో, నమూనా ఫ్లాటులో అబద్ధం చూపించి నష్టపెడితే బిల్డరు పరిహారం కట్టాలని, కొనేవాడు తప్పుకుంటే వడ్డీతో డబ్బు తిరిగివ్వాలని చెబుతోంది. కానీ తన పాత ఇల్లు తాను అమ్ముకునే మామూలు మనిషి బిల్డరు కాదు కనుక ఆ చట్టం అతని జోలికి రాదు. పాత ఇల్లు కొనేవాడికి మిగిలింది 1882 నాటి ఆ సెక్షనూ, కోర్టులో గడిచే ఏళ్లూ.

మా రోజుల్లో అంతా బంగారమేనని చెబితే అబద్ధం చెప్పినట్టే. అప్పుడూ పత్రంలో రాసే ధర ఒకటి, చేతులు మారే డబ్బు ఒకటి. ఫలానా వీధిలో ఫలానా కులంవాళ్లకు తప్ప అమ్మకూడదన్న కట్టడి బాహాటంగా నడిచేది. ఎంత డబ్బున్నా, ఎంత మర్యాదస్థుడైనా కొందరికి ఆ వీధుల్లో గడప లోపలికి అడుగుపెట్టే వీలుండేది కాదు. అది అన్యాయం, అది పోవాలి, ఇంకా పూర్తిగా పోలేదు. ఆడపిల్లల వాటా అసలు మాటల్లోకే వచ్చేది కాదు. 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకొచ్చిన మన రాష్ట్ర సవరణతో పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు వచ్చాక, నా బల్ల దగ్గర మొదటిసారి అక్కచెల్లెళ్లు కుర్చీ లాక్కుని కూర్చోవడం చూశాను. నాకు ఎంతో సంతోషం వేసింది. ఆ పాత చెడ్డను వదులుకుంటూ వదులుకుంటూ, దాంతో పాటు ఉన్న ఒక మంచిని కూడా వదిలేశామని నా బాధ.

ఇల్లు శుభ్రం చెయ్యొద్దని నేనెప్పుడూ అనను. బూజు దులపండి, పెరడు ఊడవండి, కారే కుళాయికి వాషరు మార్పించండి, విరిగిన గడియ బాగుచేయించండి. కురిసే స్లాబుకు నిజంగా వాటర్‌ప్రూఫింగ్ చేయించి ఉంటే ఆ బిల్లు, ఏ సంవత్సరం చేయించారో, ఎన్నేళ్ల గ్యారంటీ ఇచ్చారో తీసి చూపించండి. దానికి ధర అడగండి, న్యాయంగా అడగండి. బాగుచేసినదాన్ని చూపించి ఎక్కువ అడగడంలో తప్పేం లేదు. కప్పిపెట్టి ఎక్కువ అడగడం మీదే నా పోరు. లింకు దస్తావేజులు, ముప్పయ్యేళ్ల ఈసీ, ప్లాను మంజూరు కాగితం, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు, పన్ను రసీదులు, అసోసియేషన్ బాకీ లేదన్న ఉత్తరం ముందే తీసి ఫైలులో పెట్టుకోండి. బ్యాంకు అప్పు తీర్చేశారనుకోండి, బ్యాంకు ఇచ్చిన ఉత్తరంతో ఆగొద్దు. తనఖా రిజిస్టరు చేయించి ఉంటే దాని రద్దు కూడా రిజిస్టరు చేయించండి, లేకపోతే ఈసీలో ఆ అప్పు అలాగే కనిపించి ఆఖరు నిమిషంలో బేరం ఆగుతుంది.

ఇప్పటికీ పాత పరిచయం కొద్దీ నా దగ్గరికి అగ్రిమెంటు రాయించుకోవడానికి వచ్చేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు నేను అగ్రిమెంటుతో పాటు ఒక పేజీ కలిపి రాస్తున్నాను. అమ్మేవారికి తెలిసిన లోపాలు అని పైన పెట్టి, కింద వరసగా అడుగుతాను. కప్పు ఎక్కడ కురుస్తుంది? చెదలకు ఎప్పుడు మందు కొట్టించారు? బోరు ఏ నెలలో ఎండుతుంది, ఎన్ని ట్యాంకర్లు కొంటున్నారు? ఇంట్లోకి వరద వచ్చిందా, ఎంత ఎత్తు? ఏ గోడ ఉమ్మడి? అక్కచెల్లెళ్లలో సంతకం పెట్టాల్సినవాళ్లు ఇంకా ఎవరున్నారు? అమ్మేవారు జవాబులు చెబుతారు, ఇద్దరూ సంతకాలు చేస్తారు, సాక్షులూ చేస్తారు. బ్రోకర్లు కోప్పడుతున్నారు. "పెద్దాయనా, ఈ పేజీ చూస్తే పార్టీ పారిపోతుంది" అంటున్నారు. ఒకరిద్దరు నా దగ్గరికి రావడం మానేశారు. కానీ ఆ పేజీ చదివి, ట్యాంకర్ల ఖర్చు లెక్కేసి, ధరలో కొంత తగ్గించమని అడిగి, అటూ ఇటూ మాట్లాడుకుని అదే ఇల్లు కొనుక్కున్న పార్టీలు కూడా ఉన్నారు. ఆ ఇళ్లల్లో అమ్మినవాళ్లనూ కొన్నవాళ్లనూ గృహప్రవేశం రోజున ఒకే బంతిలో కూర్చుని తినడం చూశాను.

ఆ పేజీని రిజిస్ట్రేషన్ శాఖ ఒక నమూనాగా అచ్చువేసి, ప్రతి ఇంటి దస్తావేజుకూ జతచెయ్యాలని నియమం పెట్టాలి. మార్కెట్ విలువ పట్టిక ప్రతి పేటకూ ఆఫీసులో ఉన్నప్పుడు, ఏ ఇల్లు ఏ సంవత్సరం ఎంత మునిగిందో కూడా కాగితం మీద ఉండొచ్చు.  అప్పటిదాకా ఇల్లు కొనే పిల్లలకు నేను చెప్పేది, పొద్దున ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఒకసారి, పెద్ద వాన కురిసిన మర్నాడు ఒకసారి వెళ్లి చూడండి. వెళ్లేటప్పుడు ఓ మేస్త్రిని వెంటబెట్టుకోండి, ఆయన కూలి ఇచ్చి మరీ తీసుకెళ్లండి. బ్రోకరు తాళం తీసేలోపు ఎదురింటి తలుపు తట్టి మంచినీళ్లు అడగండి. ఇంటి యజమానిని తప్పకుండా కలవండి, ఫోనులో కాదు, ఆ ఇంట్లోనే, ఆయన్ను ప్రతి గదికీ తిప్పి చూపించమని అడగండి.